కంట్రోల్ శిశువుల ఎంపిక

ఏడాదిలోపు పసిబిడ్డ నిద్రలో హఠాత్తుగా చనిపోయి, శవపరీక్షలోనూ కారణం తేలకపోతే ఆకస్మిక శిశుమరణ సిండ్రోమ్ అంటారు. దీనిపై పరిశోధనల్లో పోలిక కోసం ఎంచుకునే, బతికి ఉన్న బిడ్డలే కంట్రోల్ శిశువులు.

న్యూజీలాండ్‌లో 1987–90 మధ్య 485 మరణాలను 1,800 మంది కంట్రోల్ శిశువులతో పోల్చారు. ఒక నిర్ణీత నిద్రవేళ చెప్పి, అప్పుడు బిడ్డను ఎలా పడుకోబెట్టారో, పక్కలో ఎవరున్నారో కంట్రోల్ శిశువుల తల్లిదండ్రులను అడిగారు. బోర్లా పడుకోబెట్టడం ప్రమాదమని రుజువు చేసిన ముఖ్య ఆధారాల్లో ఈ అధ్యయనం ఒకటి.

మరణాలు జరిగిన జనాభా నుంచే కంట్రోల్ శిశువులను తీసుకోవాలి. ఉదాహరణకు, హైదరాబాద్‌లో ఇలాంటి అధ్యయనం చేస్తూ హైటెక్ సిటీ, గచ్చిబౌలిలోని కార్పొరేట్ ఆసుపత్రులకే పరిమితమైతే భవన నిర్మాణ కార్మికుల పిల్లలు లెక్కలోకి రారు. ఫలితం పక్కదారి పడుతుంది. జనన నమోదుతోపాటు అంగన్‌వాడీ జాబితాలూ చూడాలి. తల్లిదండ్రుల సమ్మతి, ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరి.