పాల క్యాన్‌లో గడ్డకట్టని నెత్తురు

డాక్టరు రాసిన మాత్రల్లో విటమిన్ కె కనిపిస్తే చాలామందికి ముందు కలిగేది భయం. నెత్తురు చిక్కబడి గుండెలోనో మెదడులోనో అడ్డం పడదు కదా అని అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. ఆ విటమిన్‌కు పేరు వచ్చిందే రక్తం గడ్డకట్టడం వల్ల. అయితే ఆ పేరు ఎలా వచ్చిందో తెలిస్తే భయం చాలావరకు తీరుతుంది.

1929లో కోపెన్‌హేగన్‌లో హెన్రిక్ డామ్ వెతికింది విటమిన్ కోసం కాదు. కోడిపిల్లలు కొలెస్ట్రాల్‌ను తమ ఒంట్లోనే తయారు చేసుకోగలవా అన్నది ఆయన ప్రశ్న. అందుకని కొవ్వు తీసేసిన మేతతో వాటిని పెంచాడు. రెండు మూడు వారాలు దాటేసరికి కొన్నిటికి చర్మం కింద, కండరాల్లో నెత్తురు కమ్మింది. బయటికి తీసిన రక్తం గడ్డకట్టడానికి చాలాసేపు పట్టింది. మేతలో కొలెస్ట్రాల్ కలిపినా, నిమ్మరసం పట్టినా గుణం కనిపించలేదు. పచ్చని ఆకులు, పంది కాలేయం పెడితే తగ్గింది. 1935లో డామ్ ఆ తెలియని పదార్థానికి విటమిన్ కె అని పేరు పెట్టాడు. అప్పటికి ఏ విటమిన్‌కూ వాడని అక్షరం అది. డేనిష్, జర్మన్ భాషల్లో గడ్డకట్టడం అనే మాట మొదలయ్యేది కూడా దానితోనే. నాలుగేళ్లకు అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ బృందం ఆ విటమిన్ రెండు రూపాలను, అల్ఫాల్ఫా గడ్డి నుంచి కె1ను, కుళ్లిన చేపపొడి నుంచి కె2ను, వేరు చేసింది. 1943 నోబెల్ బహుమతిని డామ్, డాయిజీ పంచుకున్నారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. విటమిన్ ఎక్కువై నెత్తురు గడ్డలు కట్టిన కోడిపిల్లను డామ్ చూడలేదు. ఆయన చూసింది లోటును మాత్రమే.

రెండో కథ పశువుల కొట్టంలో మొదలైంది. 1920లలో కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన ఆవులు లోలోపలే నెత్తురు కారి చచ్చిపోయేవి. 1933 ఫిబ్రవరిలో ఎడ్ కార్ల్‌సన్ అనే విస్కాన్సిన్ రైతు మంచు తుఫానులో దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి మాడిసన్‌లోని కార్ల్ లింక్ ప్రయోగశాలకు చేరాడు. వెంట చచ్చిన పెయ్య, పాడైన గడ్డి, ఒక పాల క్యాన్ నిండా గడ్డకట్టని నెత్తురు తెచ్చాడు. ఆ గడ్డి పెట్టడం మానమని చెప్పడం తప్ప ఆ రోజున లింక్ చేయగలిగింది పెద్దగా లేదు. ఒట్టి చేతులతో ఇంటిదారి పట్టిన ఆ రైతును తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కానీ లింక్ బృందం ఆ నెత్తురును వదిలిపెట్టలేదు. 1939లో గడ్డిలోని విషం డైకుమరాల్ దొరికింది. దాని వరసలోదే వార్ఫరిన్. ఎలుకల మందుగా 1948లో బజారుకు వచ్చింది, 1950లలో మనుషులకు మందైంది.

కోడిపిల్లల కథ, ఆవుల కథ 1974లో కలిశాయి. స్వీడన్‌లో యోహాన్ స్టెన్‌ఫ్లో మామూలు ఆవుల రక్తంలో ఉండే, గడ్డకట్టడానికి అవసరమైన ప్రోత్రాంబిన్ అనే ప్రొటీన్‌ను, డైకుమరాల్ ఇచ్చిన ఆవుల ప్రోత్రాంబిన్‌తో పోల్చి చూశాడు. కాలేయంలో ఈ ప్రొటీన్ తయారయ్యేటప్పుడు విటమిన్ కె సాయంతో దానిలోని పది గ్లుటామిక్ ఆమ్లాలకు ఒక్కొక్క కార్బాక్సిల్ కొక్కెం అదనంగా తగులుతుంది. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన కాల్షియాన్ని పట్టుకునేవి ఆ కొక్కేలే. డైకుమరాల్ తిన్న ఆవుల్లో అవి లేవు.

ఆరోగ్యవంతులకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. పది చోట్లా కొక్కేలు పడ్డాక పదకొండోది తగిలించే చోటు లేదు. విటమిన్ ఎంత మిగిలినా ప్రోత్రాంబిన్ పదును పెరగదు. పైగా గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్‌లకు కూడా ఇదే విటమిన్ కావాలి. ఈ సంగతి జనంలోకి ఎక్కువగా రాలేదు గానీ, నా దృష్టిలో ఇది చాలా ముఖ్యం. 2001లో అమెరికా నిపుణుల సంఘం విటమిన్ కె రోజుకు ఆడవాళ్లకు 90, మగవాళ్లకు 120 మైక్రోగ్రాములు చాలునని చెప్పి, గరిష్ఠ పరిమితి మాత్రం పెట్టలేదు.

నెత్తురు గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసిట్రామ్ వంటి మందులు వాడేవాళ్ల సంగతి వేరు. వాడిన విటమిన్ కె మళ్లీ పనికొచ్చే రూపానికి మారే దారిని ఆ మందులు మూసేస్తాయి. బయటినుంచి వచ్చే విటమిన్ పెరిగితే మందు పట్టు సడలుతుంది. అలాంటివాళ్లు డాక్టరును అడగకుండా విటమిన్ కె మాత్ర వేసుకోకూడదు. తోటకూర, పాలకూర మానేయనక్కర్లేదు, ఈ వారం తిన్నంతే పై వారమూ తింటూ నెత్తురు ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తప్పకుండా చేయించుకుంటే సరిపోతుంది.