మూఁడు వన్నెల మేడలు

దేవాలయములను గుఱించియు, రాజప్రాసాదములను గుఱించియు వ్రాసినవారు పెక్కండ్రు కలరు. అంగడిని గుఱించి వ్రాయువా రరుదు. లాభము కొఱకు కట్టిన దానిలో కళ యేమి యుండునని జనులు సామాన్యముగా తలంతురు. కాని యొక కాలమునందలి మనుష్యులు దేనిని కోరిరో, ఎవ్వరిని గౌరవించిరో, ఎవ్వరిని మఱచిరో తెలిసికొనఁగోరువారికి గుడికంటె నంగడియే యొక్కొకప్పు డెక్కువ చెప్పును. అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రములోని వెస్టు హాలీవుడ్డు నగరమందు నిలిచియున్న పసిఫిక్ డిజైన్ సెంటరను వర్తకభవనముల చరిత్ర యట్టిది.

ఆ భూమి మొదట నంగడికి నుద్దేశింపఁబడినది కాదు. పందొమ్మిదవ శతాబ్దము చివర నచ్చట విద్యుచ్ఛక్తితో నడచు రైలుబండ్లను నిలుపు శాలలు వెలసెను. వానిని నమ్ముకొని పనివాండ్ర యూరొకటి పుట్టెను. దానికి షెర్మన్ అని పేరు; 1925లో అది వెస్టు హాలీవుడ్డుగా మాఱినది. మోటారుకారులు పెరిగి యా బండ్లు మూలఁబడిన పిమ్మట విశాలమైన నేల మిగిలెను. చుట్టును చిన్న యిండ్లును, ఒకటి రెండంతస్తుల దుకాణములును ఉండెను. ఆ వీథులలో కుర్చీలు, బల్లలు, తివాచీలు, తెరగుడ్డలు, దీపములు అమ్ము వర్తకులు చాలమంది చేరియుండిరి. ఇట్టి సరకు నమ్మువారి నందఱ నొక్క కప్పుక్రిందికి తెచ్చుటకే యా మహాభవనము తలపెట్టఁబడెను. అచ్చటి బేరము గృహాలంకార వృత్తిలో నున్నవారి కొఱకు. సామాన్యుఁడు చాలకాలము వారి ద్వారమున గాని కొనుటకు వీలులేకుండెను.

కట్టడపు పని గ్రూయెన్ అసోసియేట్సను వాస్తుశిల్పుల సంస్థకు వచ్చెను. ఆస్ట్రియానుండి వలసవచ్చి, కప్పుక్రింద నంగడివీథుల నమర్చు పద్ధతిని అమెరికాలో వ్యాపింపఁజేసిన విక్టర్ గ్రూయెన్ దానిని స్థాపించెను. భవనమునకు రూపకల్పన చేసినవాఁడు సీజర్ పెల్లి. ఆయన 1926లో అర్జెంటీనాలోని తుకుమాన్ పట్టణమున జన్మించి, 1952లో చదువునకై అమెరికాకు వచ్చి, ఈరో సారినెన్ అను ప్రసిద్ధశిల్పికడ పనిచేసెను. తరువాతి కాలమున కౌలాలంపూరులోని పెట్రోనాస్ జంటగోపురములచే లోకమెల్ల నాయనను ఎఱిఁగెను. 1975లో తెఱవఁబడిన యీ తొలిమేడ ఆఱంతస్తులది. వైశాల్యము 7,50,000 చదరపు టడుగులు. పైనుండి క్రిందివఱకు దాని మేనెల్ల గాఢమైన నీలిగాజు.

ఇంత గాజు గోడగా నెట్లు నిలుచునని చదువరులు సందేహింపవచ్చును. మన పాతయిండ్లలో గోడయే కప్పును మోయును. గోడ తీసిన నిల్లు కూలును. ఉక్కు వాడుకలోనికి వచ్చినపిదప మోయుపని స్తంభములకును దూలములకును పోయెను. గాలిని, వానను, ఎండను ఆపుట మాత్రమే గోడకు మిగిలెను. శరీరమునకు వస్త్ర మెట్లో యుక్కుకట్టడమునకు గాజట్లు. 1851లో లండనున జోసెఫ్ పాక్స్‌టన్ ఇనుముతోను గాజుతోను నిర్మించి, 1936లో అగ్నికి ఆహుతియైన స్ఫటికసౌధము ఈ మార్గమున ముందు నడచిన వానిలో నొకటి. పాక్స్‌టన్ గాజు వెలుతురును లోనికి రానిచ్చుటకు; పెల్లి గాజు చాలవఱకు వెలుతురు నాపుటకు. అందులకు కారణము సరకే. పట్టుతెరల రంగు ఎండకు వెలిసిపోవును. వస్తువుల నానించి చూపుటకు గోడలు కావలయును. కిటికీలతో వర్తకునకు పనిలేదు. కావున నావలివైపు కనఁబడని గాజును చుట్టును తొడిగి, పైయంతస్తులలో మాత్రము గాజుకప్పు గల పొడవైన కమానుశాల నొకదాని నుంచి, ఆకాశము నచ్చటినుండి లోనికి రానిచ్చిరి.

ఆకారమును వస్తువునకు తగినట్లే యున్నది. ద్వారబంధములకు వడ్రంగి మెట్లుమెట్లుగా చెక్కిన కొయ్యపట్టెను మనము చూచియుందుము. అట్టి పట్టె నొకదానిని మిక్కిలి పెద్దది చేసి, కావలసిన పొడవునకు కోసి నేలపై పెట్టినట్లుండును ఆ మేడ. గృహాలంకార సామగ్రి నమ్ము నిల్లు గృహాలంకారపు తునకవలె నుండుట యుచితమే కదా! కాని యిరుగుపొరుగువారి కీ యౌచిత్యము తోఁచలేదు. చిన్న యిండ్ల నడుమ నింత పెద్ద నీలిముద్ద యేమని పలువు రాక్షేపించిరి. ఒడ్డునఁ బడిన జలచరముతో పోల్చి దానికి “నీలి తిమింగిలము” అని పేరు పెట్టిరి. పరిహాసముగా పుట్టిన యా పేరు కాలక్రమమున ముద్దుపేరయ్యెను. ఆధునికులమని చెప్పుకొను వాస్తుశిల్పులలో పెక్కండ్రు తెలుపును, బూడిదవన్నెను తప్ప వేఱొకదానిని గౌరవింపని కాలమున, రంగు కేవలము బాలక్రీడ కాదని యీ కట్టడము చూపినది.

1984లో వెస్టు హాలీవుడ్డు ప్రత్యేక నగరమయ్యెను. బాడుగయిండ్ల కాపురస్థులు, వృద్ధులు, స్వలింగప్రేమికులు కలిసి తమ రక్షణకై సాధించుకొనిన స్వపరిపాలన యది. 1988లో నీలిమేడ ప్రక్కను తొమ్మిదంతస్తుల యాకుపచ్చ మేడ లేచెను. దాని వైశాల్యము 4,50,000 చదరపు టడుగులు. 2013 నాఁటికి రెండు శిఖరములుగా చీలిన యెఱ్ఱమేడ పూర్తియై, మూఁడు వన్నెలును సమకూడెను. మొదటి దానికిని కడపటి దానికిని నడుమ 38 ఏండ్లు గడచెను. ఎఱ్ఱమేడ కార్యాలయముల కొఱకు కట్టఁబడినది. వర్తకము మాఱినను రూపకర్త మాత్రము పెల్లియే.

సంస్కృతమున వర్ణమన్న రంగునకును పేరే, మనుష్యులను వేఱుచేయు విభాగమునకును పేరే. గాజునకు రంగు గౌరవము తెచ్చిన యీ కట్టడమున పనిచేసినవారిలో నొకరికి మేనిరంగు అడ్డుగోడయయ్యెను. ఆమె నార్మా మెరిక్ స్క్లారెక్. పెల్లి పుట్టిన 1926లోనే న్యూయార్కులోని హార్లెమునందు, నల్లజాతి వైద్యుని కూఁతురుగా జన్మించెను. 1950లో కొలంబియా విశ్వవిద్యాలయమున వాస్తువిద్యలో పట్టము పొందెను. ఉద్యోగమునకై 19 సంస్థలను ఆశ్రయింపఁగా 19ను కాదనెను. ఆఁడుదగుటచేతనా, నల్లనిదగుటచేతనా యనునది తనకు తెలియలేదని యామె పిమ్మట చెప్పెను. 1954లో వాస్తుశిల్పుల యర్హతపరీక్షలో తొలిసారియే నెగ్గెను. న్యూయార్కు రాష్ట్రమున నట్టి యధికారపత్రము పొందిన నల్లజాతి స్త్రీలలో నామెయే మొదటిది. 1962లో కాలిఫోర్నియాలోను మొదటిదే.

1960లో ఆమె గ్రూయెన్ సంస్థలో చేరెను. క్రొత్తలో కారులేక, తోటి శ్వేతజాతి యువకుని కారులో పనికి పోవుచుండెను. అతఁడు ప్రతిదినము నాలస్యముగా వచ్చువాఁడు. ఒక వారము గడవకమునుపే యధికారి వచ్చి యామె నాలస్యమునకై హెచ్చరించెను. చిరకాలముగా నాలస్యముగా వచ్చుచున్న యువకు నెవ్వరును గమనింపలేదు. అందఱి కన్నులు తనపైననే యుండుట గ్రహించి యామె కారొకటి కొనుక్కొనెను. అట్టి యామె 1966లో నదే సంస్థలో వాస్తుశాఖకు నిర్వాహకురాలయ్యెను. రూపకర్త గీచిన భావమును కట్టువాని చేతికీయఁదగిన లెక్కపటములుగా మార్చుట, ఉక్కునకు గాజు నమర్చుట, వ్యయమును గడువును దాటకుండ చూచుట యిట్టి శాఖ పని. నీలిమేడ యీ నిర్వాహకత్వముననే చిత్రపటమునుండి నేలమీఁదికి దిగెను. కాని చాలకాలము దాని చరిత్ర చెప్పువారు పెల్లి పేరొక్కటే చెప్పుచు వచ్చిరి. ఆలస్యమునకు వెంటనే కనఁబడిన మనిషి, యశస్సును పంచునప్పుడు కనఁబడకపోయెను.

పెల్లి కీర్తిని తగ్గింపవలెనని మేము కోరము. నీలివన్నెను, పట్టెయాకారమును ఊహించినది ఆయనయే. కాని యూహకు మాత్రమే కళ యని పేరిచ్చి, దానిని నిలిపిన శ్రమను సేవ యని ప్రక్కకు నెట్టు నలవాటును మేము ప్రశ్నించుచున్నాము. ఊహను మెచ్చుటలో న్యాయము కలదు. నిర్వహణము బుద్ధిలేని పనియనుటలో లేదు. ఒక్క కొలత తప్పిన గాజుపలక యుక్కుచట్రమున నిలువదు. నిలువనిచో రూపకర్త యూహ కాగితముననే యుండును.

స్క్లారెక్ 1980లో అమెరికా వాస్తుశిల్పుల సమాజమునకు ఫెలోగా నెన్నికయ్యెను. ఆ గౌరవము పొందిన నల్లజాతి స్త్రీలలో నామెయే ప్రథమురాలు. 1985లో మఱిద్దఱు స్త్రీలతో కలిసి స్వంతసంస్థ స్థాపించెను. కాని స్త్రీల సంస్థకు పెద్దకట్టడముల పని వచ్చుట దుర్లభమయ్యెను. 1989లో ఆమె దానిని వీడి వేఱొక సంస్థలో చేరెను. ప్రతిభను నిరూపించుట యొకటి, నమ్మకమును పొందుట మఱొకటి యని యీ వృత్తాంతము తెలుపుచున్నది. ఆమె 2012లోను, పెల్లి 2019లోను కాలధర్మము నొందిరి.

ఇది దూరదేశపు మేడ కథయని చదువరులు పుటను త్రిప్పివేయరాదు. వివాహమైన యింట భోజనమును మెచ్చుకొని యజమానునకు నమస్కరించి పోవువారమే మనము. నూఱుమందికి లెక్క తప్పక వండించి వడ్డింపించిన యిల్లాలి పేరు నడిగినవా రెందఱు? పాఠశాల వార్షికోత్సవమున నధ్యక్షుని పొగడుదుము. సభ నమర్చిన యుపాధ్యాయిని పేరు కార్యక్రమపత్రమున నుండదు. ఇది యొకరి దుర్మార్గము కాదు, అందఱి యలవాటు. కావుననే మాన్పుట కష్టము. చట్టముతో పనిలేక, ధనవ్యయము లేక, ప్రతిగృహమునను నేఁడే యారంభింపఁదగిన సంస్కారము ఒకటి కలదు: పని చేసినవారి పేరు పనితోపాటు చెప్పుట. మన పిల్లలకు నీలిమేడ చిత్రమును చూపునప్పుడు ఇది పెల్లి యూహించినది, స్క్లారెక్ నిర్వాహకత్వమున నిలిచినది యని రెండు పేళ్లును చెప్పుదము.