11.0592 తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ ఒక్కటే కాదు, చరిత్ర కూడా. గోరంత బిల్లౌర్ ముక్క మీది నంబరుకూ తారీఖ్ ఉంటుందని నాకు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో తెలిసింది.

చదువుకునే రోజుల్లో మా మామూ దుకాణానికి ఎర్ర అక్షరాలు నడిచే ఎల్ఈడీ బోర్డు చేసిస్తానని వాదా చేశాను. లోపల 8051 మైక్రోకంట్రోలర్. అక్షరాలు కంప్యూటర్ నుంచి సీరియల్ వైరు గుండా రావాలి. పుస్తకం 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టమంది. గల్లీ అంతా తిరిగినా ఆ రోజు దొరకలేదు. "12 తీస్కపో భాయ్, క్యా ఫరక్ పడ్తా?" అన్నాడు ఒక దుకాణదారు. తెచ్చి పెట్టాను. మామూ పేరు పంపితే బోర్డు మీద పిచ్చి గీతలు వచ్చాయి. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, శరమ్‌తో నా తల లేవలేదు.

రాత్రంతా కూర్చుని హిసాబ్ చూశాను. 8051 క్రిస్టల్ వేగాన్ని ముందు 384తో భాగిస్తుంది. 11.0592 అయితే 28800 వస్తుంది, దాన్ని 3తో భాగిస్తే సరిగ్గా 9600. 12 అయితే 31250. 3తో భాగిస్తే 10417. ఎనిమిదిన్నర శాతం గలతీ. ఒక అక్షరానికి పది బిట్లు కాబట్టి చివరికొచ్చేసరికి దాదాపు ఒక బిట్టంత పక్కకు జరిగిపోతుంది. 12 చెడ్డదేం కాదు. దాంతో 8051కి ఒక్కో అడుగు సరిగ్గా ఒక మైక్రోసెకను. గడియారం పనికి అది బేషుగ్గా ఉంటుంది, మాట్లాడటానికే పనికిరాదు.

మరి 9600 ఎక్కడిది? టెలిప్రింటర్ల జమానాలో 75, 150, 300 వేగాలుండేవి. రెట్టింపు చేసుకుంటూ పోతే 9600. ఆ వేగాలన్నిటికీ సరిపోయే క్రిస్టల్ 1.8432. 1981 నాటి ఐబీఎం పీసీ సీరియల్ కార్డులో ఉన్నది అదే. దానికి ఆరు రెట్లే మన 11.0592.

అదే పీసీకి గుండెకాయ లాంటి క్రిస్టల్ 14.31818. అది 1953లో అమెరికా రంగుల టీవీకి ఒప్పుకున్న 3.579545కి నాలుగు రెట్లు. టీవీల కోసం లక్షల్లో తయారవడంతో ఆ జాతి క్రిస్టల్ సస్తా అయింది. అందుకే 5 మెగాహెర్ట్జ్ దాకా నడవగల ప్రాసెసర్ని, 14.31818ని మూడుతో భాగించి, 4.77 దగ్గరే నడిపారు. 1982లో రంగుల టీవీ వచ్చిన మన దేశానిది పాల్ పద్ధతి, మన టీవీలలోది 4.433619. బజారులో ఏది సస్తానో, ఏది నాయాబో లెక్కల అందం తేల్చదు. ఏ జమానాకు ఏది జరూరత్ అయిందో అదే తేలుస్తుంది.

తెల్లారేలోపు నాకూ దారి దొరికింది. 8051లో వేగాన్ని రెట్టింపు చేసే ఒక బిట్ ఉంది. అది పెడితే 12 నుంచి 62500 వస్తుంది. 13తో భాగిస్తే 4808. 4800కి ఫరక్ శాతంలో ఆరో వంతే. కంప్యూటర్ వేగాన్ని 9600 నుంచి 4800కి దించాను. మామూ పేరు సాఫ్‌గా నడిచింది.

అప్పటి నుంచి ఏదైనా దొరకనప్పుడు "దీనికి దగ్గరగా ఏముంది?" అని అడగను. "ఈ నంబరు ఎవరి జరూరత్ కోసం పుట్టింది?" అని అడుగుతాను. జవాబు తెలిస్తే బదులు దొరుకుతుంది. దొరకకపోయినా, ఎందుకు దొరకదో తెలుస్తుంది.