లో గేరు బలమంతా నేల మీదనే: మూసీ వరద చెప్పే పాఠం

మిర్చి, ఉల్లిగడ్డ పట్టుకొని మలక్‌పేట గంజికి పోయేటోళ్లకు మూసీ కొత్త కాదు. చాదర్‌ఘాట్ మీదుగా పోయినా, అంబర్‌పేట నుంచి మూసారాంబాగ్ వంతెన మీదుగా పోయినా కింద ఉండేది అదే. మామూలు రోజుల్లో మురికి కాలువ లెక్క కనబడే ఈ నది పొంగినప్పుడు ఏ బండి పోతది, ఏ బండి పోదు అనే సంగతి ఈ రోజు రాస్తున్న.

1908 సెప్టెంబర్ 28న మూసీ పట్నం మీద పడ్డది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నయి. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో వరదను పైననే ఆపే పని మొదలైంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినయి. అయినా 2020 అక్టోబర్‌లో, మళ్లీ 2025 సెప్టెంబర్‌లో మూసారాంబాగ్ వంతెన మీదికి నీళ్లు వచ్చినయి.

నేల మీద, నీళ్ల మీద రెండింటా నడిచే బండి యుద్ధంలో బాగా పేరు తెచ్చుకుంది. 1942లో అమెరికా వాళ్లు ఆరు చక్రాల జీఎంసీ లారీకి పడవ ఒళ్లు తొడిగి 'డక్' అనే బండి చేసిండ్రు. అటువంటివి 21 వేలకు పైగా తయారైనయి. దానికి లో రేంజి ఉండేది, వెనుక నీటి పంకా కూడా ఉండేది. డ్రైవర్ కూర్చున్న చోటు నుంచే టైర్ల గాలి తగ్గించుకోవచ్చు. 1967లో కెనడాలో 'ఆర్గో' అనే చిన్న బండి వచ్చింది. దానికి పంకా లేదు, నీళ్లల్ల టైర్ల గాళ్లే తెడ్లు. దానికీ హై, లో ఉన్నయి.

మన దగ్గర కూడా ఇటువంటి బండి తయారైతది. 1984 జూలైలో ఇందిరా గాంధీ గారు ఎద్దుమైలారంలో మెదక్ ఆయుధ కర్మాగారానికి పునాది వేసిండ్రు. అక్కడ తయారయ్యే 'శరత్' యుద్ధ వాహనం 14 టన్నుల బరువుంటది. అయినా తేలుతది, గొలుసు పట్టాలు తిప్పుకుంట గంటకు 7 కిలోమీటర్ల దాకా ఈదుతది. దానికి గేరు బాక్సుకు తోడు వేగం తగ్గించి లాగుడు పెంచే ఏర్పాటు విడిగా ఉంది.

ఇవన్నీ లో గేరు ఎందుకు పెట్టుకున్నయి? దమ్ము చేసే రైతుకు చెప్పక్కర్లేదు. మన ట్రాక్టర్లల్ల నాలుగు గేర్లకు హై-లో లివర్ కలిస్తే ముందుకు ఎనిమిది, వెనక్కి రెండు. లోలో వేగం సగమైతే, ఇంజిను మారకున్నా చక్రం తిప్పే బలం దాదాపు రెట్టింపు. బురదలో చక్రం జోరుగా తిరిగితే గుంత తవ్వుకుంటది, మెల్లగా తిరిగితే పట్టు దొరుకుతది. అందుకే బురదలో దిగకముందే లో వేయాలె. నడుమ క్లచ్ తొక్కితే ఊపు పోయి బండి అక్కడనే కూలబడుతది.

ఇక అసలు మాట. రెండింటా నడిచే బండికి కష్టమైన చోటు నది నడుమ కాదు, ఒడ్డు. అక్కడ సగం బరువు నీళ్లు మోస్తుంటయి, చక్రానికి పట్టు తగ్గుతది, ఎక్కాల్సిందేమో ఏటవాలు. అందుకే డక్ డ్రైవర్లు ఒడ్డు దగ్గర పంకా, చక్రాలు రెండూ కలిపి తిప్పేవాళ్లు. అంటే లో గేరు బలం నేలను అదిమే బరువు ఉన్నంత సేపే. బరువు నీళ్ల పాలైతే గేరు ఏదైనా ఒకటే.

మన ట్రాక్టర్‌కు పడవ ఒళ్లు లేదు. పొంగుతున్న వాగులో నీళ్లు పెద్ద టైర్లను పైకి లేపుతయి, పక్క నుంచి నెట్టుతయి. "లోలో వేసి దాటిస్త" అన్న ధైర్యంతోనే ఏటా వానకాలం కల్వర్టుల దగ్గర బండ్లు కొట్టుకుపోతున్నయి. లో గేరు బురదకు మందు, ప్రవాహానికి కాదు. 2025 ఆగస్టులో పంజాబ్ వరదల్లో సైన్యం 'అటార్' అనే తేలే బండ్లను దింపింది. మూసీ పక్క బస్తీలకు కూడా అటువంటివి ముందే సిద్ధంగా ఉండాలె. అప్పటిదాకా నీళ్లు రోడ్డు దాటుతుంటే ఆగుడే తెలివి. మాల్ ఒక రోజు ఆలస్యమైతే ధర కొంత పోతది, అంతే.