కీలు మార్పిడి కథ

ఖర్చుకు జంకి నా శ్రీమతి మోకాలి ఆపరేషను మూడేళ్ళు వాయిదా వేయించాను. ఆ మూడేళ్ళ నొప్పి ఆమె భరించింది; తప్పు నాది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇంగ్లండులో రైటింగ్టన్ ఆస్పత్రి డాక్టరు జాన్ చార్న్‌లీ 1950 దశకం చివర్లో అరిగిన తుంటి కీళ్ళకు టెఫ్లాన్ గిన్నెలు అమర్చారు. అవి కొద్ది ఏళ్ళకే అరిగిపోయాయి. 1962లో ఒక సేల్స్‌మన్ గట్టి పాలిథీన్ ముక్క తెచ్చాడు. డాక్టరు గారు పెదవి విరిచినా, టెక్నీషియన్ హారీ క్రేవెన్ దాన్ని యంత్రంపై పరీక్షించాడు. అది దాదాపు అరగలేదు! ఆ నవంబరులోనే రోగికి అమర్చారు. ఆ జాతి పాలిథీనే నేటి కృత్రిమ మోకాళ్ళలోనూ ఉంది.

మన దేశంలో ఎక్కువగా వాడే మోకాలి ఇంప్లాంటు సగటు ధర 1,58,324 రూపాయలుండగా, 2017 ఆగస్టులో కేంద్రం 54,720 రూపాయలకు (పన్ను అదనం) పరిమితం చేసింది. బిల్లులో ఇంప్లాంటు ధర విడిగా చూపాలని కూడా ఆదేశించింది. జీవితమంతా బిల్లులు పరిశీలించిన వాళ్ళం, ఆ ఒక్క బిల్లు చూడలేమా? నాలా ఆలస్యం మాత్రం చేయకండి.