త్రోవ ఎవరిది?

మహాభారతము ఆదిపర్వమున కల్మాషపాదుని కథ కలదు. ఇక్ష్వాకు వంశపు రాజగు ఆతడు వేటనుండి మరలి వచ్చుచు, అడవిలో ఒక ఇరుకుబాటపై వసిష్ఠుని కుమారుడైన శక్తికి ఎదురుపడినాడు. ఒకరు పోగా ఒకరు నిలువవలసిన త్రోవ అది. తొలగుమని రాజు గద్దించినాడు. రాజే బ్రాహ్మణునకు త్రోవ విడువవలెనని ముని చెప్పినాడు. మాటకు మాట పెరిగినది. రాజు కొరడా ఎత్తి కొట్టినాడు, ముని శపించినాడు. శాపఫలముగా రాజు నరభక్షకుడై మొట్టమొదట ఆ శక్తినే భక్షించినాడు. నాలుగడుగులు ప్రక్కకు జరిగిన తీరిపోవు తగవు ఇరువురనూ చెరచినది.

ఇద్దరు ఒకచోటికి వచ్చినపుడు ముందుగా పోవలసినవారు ఎవరు? ఈ ప్రశ్న బాటలు పుట్టిన నాటినుండియు ఉన్నది. ఒక్కొక్క కాలము దానికి ఒక్కొక్క సమాధానము చెప్పినది. నేటి రహదారి నియమములు ఆ సమాధానములలో కడపటివి.

మనుస్మృతి రెండవ అధ్యాయమున దీనినిగూర్చి ఒక విధి కలదు. బండిపై పోవువానికి, తొంబది ఏండ్లు దాటిన వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి, స్నాతకునకు, రాజునకు, పెండ్లికుమారునకు త్రోవ ఇయ్యవలెను. రాజును స్నాతకుడును ఎదురుపడినచో స్నాతకునిదే ముందు. ఈ పట్టికలో గౌరవమును కరుణయు కలసియున్నవి. కాని ఎదుటివాడెవడో ఎరిగి, ఆలోచించి, తప్పుకొనుటకు వ్యవధి ఉన్నపుడే ఇట్టి నియమము నడచును. కాలినడకకు అది చాలును.

వర్తకము పెరిగి బిడారులు సాగిన దినములలో అది చాలలేదు. 17వ శతాబ్దిలో వజ్రములు కొనుటకై గోలకొండ రాజ్యమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథమును 1676లో ప్రకటించినాడు. ధాన్యము, ఉప్పు మోయు పెరిక ఎడ్లు పదివేలు, పండ్రెండువేలు ఒక్కుమ్మడిగా సాగుచుండెడివని అందు వ్రాసినాడు. ఇరుకు త్రోవలలో ఆ మంద ఎదురైనచో బండిలో పోవువారు అది దాటువరకు రెండు మూడు దినములు వేచియుండవలసి వచ్చెడిదట. ఆ బిడారుల వారు ఒకరికొకరు ఎదురైనచో సంగతి మరింత విషమించెడిది. గోధుమ మోయువారును బియ్యము మోయువారును, మీరు తొలగుడనిన మీరు తొలగుడని నెత్తురు కారునట్లు పోరాడెడివారు. ఈ కలహములచే దేశమున తిండిగింజల రవాణా చెడుచున్నదని తలచిన మొగలు చక్రవర్తి ఇరుపక్షముల నాయకులను పిలిపించి, బుద్ధి గరపి, ఒక్కొక్కరికి లక్ష రూపాయలును ముత్యాలహారమును ఇచ్చి పంపినాడని టావెర్నియే చెప్పినాడు. త్రోవ ఇచ్చుటకు చక్రవర్తియే లంచము పెట్టవలసిన కాలమది!

మోటారు వచ్చిన పిమ్మట ముత్యాలహారములకు వ్యవధి లేకపోయినది. ఎదుటి బండిలోనివాడు రాజో రైతో తెలియులోపలనే అది మీదికి వచ్చును. కనుక ముఖము చూడని నియమము కావలసి వచ్చినది. చోదకుడు చదువక, చూచినంతనే గ్రహింపదగిన గుర్తులు కావలసి వచ్చినవి. 1909లో పారిసు నగరమున కొన్ని దేశములు కూడి నాలుగు హెచ్చరిక గుర్తులను ఒప్పుకొనినవి: ఎగుడుదిగుడు బాట, మలుపు, కూడలి, రైలుదారి దాటుచోటు. నేడు మనము చూచు గుర్తుల భాష ఆ నాలుగు అక్షరములతో మొదలైనది. 1968నాటి వియన్నా ఒడంబడికచే అది మరింత స్థిరపడినది. ఎరుపు అంచు త్రికోణము హెచ్చరిక, వలయము ఆజ్ఞ, దీర్ఘచతురస్రము సమాచారము. తలక్రిందులుగా నిలిపిన త్రికోణమునకు మాత్రము వేరర్థము: ముందు వారికి త్రోవ ఇమ్ము.

హైదరాబాదు రాజ్యమున 1932లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమైనది. ఎడ్లబండ్లకు అలవడిన బాటలపై వేగము ప్రవేశించినది. బ్రిటిషు ఇండియాలో 1939 మోటారు వాహనముల చట్టము వచ్చినది. సంస్థానము 1948లో భారతదేశమున కలసిన పిదప మన త్రోవలును దేశమంతటి చట్టము క్రిందికి వచ్చినవి. 1988లో చేసిన చట్టము 1989 జూలై 1నుండి నడచుచున్నది. ఎడమ ప్రక్కన పొమ్ము. కుడి ప్రక్కనుండి దాటుము. ప్రక్కబాటనుండి ప్రధాన రహదారిపైకి వచ్చునపుడు దానిపై సాగుచున్నవారికి త్రోవ ఇమ్ము. ఈ మూడు మాటలలో రాజు లేడు, పెండ్లికుమారుడు లేడు, ఉన్నది స్థానమొక్కటే.

ఈ మూడవ నియమమే నేడు ప్రాణములతో ముడిపడియున్నది. మెదకునుండి రామాయంపేట మీదుగా సిద్దిపేటకు పోవు దారిని తలచుకొనుడు. రామాయంపేటవద్ద అది హైదరాబాదు–నాగపూరు రహదారిని కలియును. ఆవల నిజాంపేట వచ్చును. పొలమునుండి వడ్లు నింపుకొని వచ్చు ట్రాక్టరు, బడికి పోవు సైకిలు, ఆర్టీసీ బస్సు, దూరదేశపు లారీ అన్నియు ఇట్టి దారిపైకే చేరును. ఊరి బాటలో మెల్లగా కదలిన కన్ను పెద్దబాటపై వచ్చువాని వేగమును సరిగా కొలువలేదు. దూరమున ఉన్నాడనుకొన్నవాడు రెప్పపాటున దగ్గరకు వచ్చును. మధ్య విభాజకము ఉన్నచోట మరియొక అపాయము కలదు. చుట్టు తిరుగుటకు బద్ధకించి, ఎదురుదిక్కున పోవు అలవాటు దానికి పేరు. జనులు దానిని రాంగు రూటు అందురు. ఆ కొద్ది దూరము కలిసివచ్చుటకు పణముగా ఒడ్డునది ప్రాణము.

గుర్తులును కొన్ని వేళల తికమక పెట్టును. నిజాంపేట పేరునే చూడుడు: మెదకు జిల్లాలో ఒకటి, హైదరాబాదు అంచున బాచుపల్లి ప్రక్కన ఒకటి. జిల్లా పేరు లేని బోర్డు క్రొత్తవానికి సగము మాటయే చెప్పును. హైదరాబాదునుండి రామాయంపేట మీదుగా పోవు రహదారికి పూర్వము 7 అను సంఖ్య. 2010లో సంఖ్యలు మార్చినపుడు 44 అయినది. నోటి మాటలో పాత సంఖ్య ఇంకను ఉన్నది. గుర్తుపై గోడకాగితములు అంటించుటయు, దానికి అడ్డముగా జెండాలు కట్టుటయు చిన్న తప్పులుగా తోచును. కాని ఆ గుర్తు ఒక అపరిచితుడు వేరొక అపరిచితునితో చెప్పు మాట. దానిని మూయుట అతని నోరు మూయుటయే.

గుర్తు ఉన్నను, నియమము ఉన్నను, ఆగు అలవాటు లేనిచో ఏమగునో మెదకు జిల్లా ఎరుగును. 2014 జూలై 24 ఉదయమున మాసాయిపేటవద్ద కాపలాలేని రైలుదారిని దాటుచున్న బడి బస్సును రైలు ఢీకొన్నది. పసిబిడ్డలు పలువురు మరణించిరి. 1909నాటి నాలుగు గుర్తులలో రైలుదారి గుర్తు ఒకటియని పైన చెప్పితిమి. మన చట్టమున 131వ విభాగము ఇంకను స్పష్టముగా చెప్పును: కాపలాలేని రైలుదారివద్ద వాహనము నిలుపవలెను, సహాయకుడు దిగి నడచి రెండువైపుల చూడవలెను, రైలు రాలేదని తెలిసికొని వాహనమును దాటింపవలెను. ఇది చక్రములకన్న ముందు కాళ్లు నడువవలెనను నియమము.

నేడు హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఎనిమిది వరుసలతో ఉన్నది. అచ్చట 2023లో గరిష్ఠవేగము గంటకు 120 కిలోమీటర్లకు పెంచబడినది. అంత వేగమున వరుస మారుటయన్న బొమ్మగీతను దాటుట కాదు, వేరొకని ప్రాణపు పొలిమేరలో కాలిడుట. ప్రవేశించువాడు అద్దమున చూచి, దీపము వెలిగించి, వేగము సరిపోల్చుకొని చేరవలెను. లోపల ఉన్నవాడు వీలైన చోటు ఇయ్యవలెను. జర్మనీ చట్టము ఒక వరుస ముగియుచోట ఇటునుండి ఒకటి, అటునుండి ఒకటిగా పొమ్మని విధించినది. తల్లి బిడ్డకు జడ అల్లునపుడు ఒక్కొక్క పాయకును వంతు వచ్చును. ఏ పాయయు మిగులదు, ఏ పాయయు తెగదు. రహదారియు అట్లే సాగవలెను.

2022లో మన దేశమున రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు మూడవవంతునకు పైగా జాతీయ రహదారులపై జరిగినవే. ఈ సంఖ్యను తగ్గించుటకు చట్టములును గుర్తులును కావలెను. వానిని మించి వంతును గౌరవించు బుద్ధి కావలెను. స్మృతికారుడు రోగికి త్రోవ విడువుమన్నాడు. 2019లో సవరించిన చట్టము అంబులెన్సుకు త్రోవ ఇయ్యనివానికి 10,000 రూపాయల జరిమానా విధించినది. రాజునకును స్నాతకునకును ఉన్న ప్రత్యేకత పోయినది. రోగిది మాత్రము నిలిచినది. వేల ఏండ్ల తగవునుండి మనము నేర్చినది ఇదియే కావచ్చును. త్రోవ ముందు చేరినవానిది కాదు, బలవంతునిది కాదు; ఇచ్చి పుచ్చుకొనువారిది.