పాత గేరు సైకిళ్లు: మరమ్మతు, విడిభాగాల మేళవింపు

బ్రేకునూ గేరునూ ఒకే మీటలో ఇమిడ్చిన పందెపు సైకిళ్లు 1990లో జపాన్ సంస్థ షిమానోతో మొదలయ్యాయి. 1992లో ఇటలీకి చెందిన కాంపాగ్నోలో అదే బాట పట్టింది. అంతకుముందు గేరు మార్చాలంటే ఒక చేయి హ్యాండిల్ వదిలి, ఫ్రేము వాలు కడ్డీ మీది మీటను అందుకోవలసి వచ్చేది.

ఆనాటి జోడు మీటలలో తరచుగా కనిపించే లోపం ఒక్కటే: మీట కదులుతుంది, గేరు మారదు. పాడైందని పారవేసేవారే ఎక్కువ. నిజానికి చాలాసార్లు అరిగినదేమీ ఉండదు. ఏళ్ల తరబడి గట్టిపడిన గ్రీజు, లోపలి దంతాలను పట్టుకోవలసిన చిన్న కొక్కేలను కదలనీయదు. పలుచని నూనె చొప్పించి, మీటను పదేపదే నొక్కుతూ మురికిని బయటకు రప్పించి, చివరగా తేలికపాటి కందెన వేస్తే చాలావరకు దారికి వస్తుంది. ఒక్క పూటలో కాకపోవచ్చు. షిమానో మీటలను పూర్తిగా విప్పడం మాత్రం సాహసమే. అవి విప్పి బిగించేందుకు చేసినవి కావు. కాంపాగ్నోలో పాత మీటలలో అరిగిన స్ప్రింగులను మార్చుకునే వీలుంది.

వేర్వేరు భాగాలను కలిపేటప్పుడు గేర్ల సంఖ్యను నమ్ముకుంటే చిక్కే. మీట ఒక్కో నొక్కుకు ఎంత వైరు లాగుతుందో, దానిని వెనుక డెరైలర్ ఎన్ని రెట్లు చేస్తుందో, పళ్లచక్రాల మధ్య ఎడమెంతో చూడాలి. షిమానో 9 గేర్ల మీట సుమారు 2.5 మి.మీ. వైరు లాగుతుంది, డెరైలర్ దానిని 1.7 రెట్లు చేస్తుంది. గొలుసు 4.3 మి.మీ. జరుగుతుంది, చక్రాల ఎడమూ దాదాపు అంతే. ఆ సంస్థ 9 గేర్ల కొండదారి డెరైలర్‌దీ ఇదే లెక్క కనుక, రోడ్డు మీటతో అది చక్కగా పనిచేస్తుంది. 8 గేర్ల వరకు వచ్చిన డ్యూరా-ఏస్ మాత్రం దీనికి మినహాయింపు. 10 గేర్లలో స్రామ్, షిమానో చక్రాల ఎడం ఒకటే కాబట్టి క్యాసెట్లు మార్చుకోవచ్చు. మీటలు అలా కుదరవు: షిమానో 2.3 మి.మీ. లాగితే స్రామ్ 3.1 లాగుతుంది. ఏదీ పొసగనప్పుడు, నొక్కు లెక్క లేని పాతకాలపు రాపిడి మీట దేనితోనైనా సర్దుకుపోతుంది.

మరమ్మతులో వైరు తొడుగు విషయం అన్నిటికన్నా ముఖ్యం. గేరు తొడుగులోని ఉక్కు తీగలు నిలువుగా ఉంటాయి. బ్రేకు ఒత్తిడికి అవి పగిలిపోవచ్చు. అందువల్ల గేరు తొడుగును బ్రేకుకు ఎన్నడూ వాడరాదు. డెరైలర్ మార్చినప్పుడల్లా దాని హద్దు మరలనూ సరిచూడాలి. లేకుంటే గొలుసు, ఒక్కొక్కసారి డెరైలరే, తిరుగుతున్న స్పోకులలో ఇరుక్కుంటుంది.